ఒక్క హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకుంటే సరిపోతుందా? ఇంట్లో బ్యాకప్ గురించి వివరంగా

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. ల్యాప్‌టాప్‌లో సుమారు 400 జీబీ ఉంది. ఎక్కువ భాగం పిల్లల ఫొటోలు, వీడియోలు. మిగతావి సర్టిఫికెట్ల స్కాన్‌లు, పన్ను కాగితాలు, పదేళ్లుగా మీరు రాసుకుంటున్న ఫైళ్లు. 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొన్నారు. గుర్తొచ్చినప్పుడల్లా అందులోకి కాపీ చేస్తున్నారు. ల్యాప్‌టాప్‌లో చోటు నిండిపోయినప్పుడు పాత ఫొటోలను కట్ చేసి అందులో పేస్ట్ చేస్తున్నారు. ఇది చాలా, క్లౌడ్ (అంటే ఇంటర్నెట్‌లో దాచుకోవడం) కూడా కావాలా అన్నది మీ సందేహం.

క్లౌడ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ కట్ చేసి పేస్ట్ చేసిన ఫొటోల గురించి మాట్లాడాలి. మీరు రాసినదాంట్లో నాకు టెన్షన్ పుట్టించింది ఆ మాటే. వాటికి ఇప్పుడు బ్యాకప్ లేదు. ఉన్నదే ఆ ఒక్క డిస్క్‌లో. బ్యాకప్ కోసమని కొన్న డిస్క్‌లో పెట్టినంత మాత్రాన ఫైలు భద్రంగా ఉన్నట్టు కాదు. అదే ఫైలు ఇంకోచోట కూడా ఉండాలి, అప్పుడే దాన్ని బ్యాకప్ అనాలి.

ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నాను. సరిగ్గా ఇదే పొరపాటు చేసి నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది. ఒకావిడ తన డిస్క్‌ను మెత్తటి తువ్వాలులో చుట్టి తెచ్చారు. పని చేస్తూ ఉండగా కేబుల్ కాలికి తగిలి బల్ల మీద నుంచి కింద పడిందట. కంప్యూటర్‌కు పెట్టగానే లోపల్నుంచి టిక్, టిక్, టిక్ అని ఒకే లయలో శబ్దం. కాసేపు ఆగడం, మళ్లీ మొదలు. డేటా చదివే హెడ్ తన చోటు వెతుక్కోవడం, దొరక్క వెనక్కి రావడం, మళ్లీ వెళ్లడం, ఆ శబ్దం అదే. హార్డ్ డిస్క్‌లో డేటా రాసి ఉండే పళ్లెం తిరుగుతున్నప్పుడు ఈ హెడ్ దాన్ని తాకదు. కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. ఆ ఎడం మన వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. తిరుగుతుండగా కింద పడితే హెడ్ వెళ్లి పళ్లేన్ని గీరేస్తుంది. గీరుకుపోయిన చోట ఉన్నదాన్ని దుమ్ము లేని గదిలో విప్పి చూసే రికవరీ ల్యాబ్‌లు కూడా తేలేవు. పెళ్లి ఫొటోల నుంచి బాబు మొదటి పుట్టినరోజు దాకా అన్నీ అందులోనే ఉన్నాయి. "బ్యాకప్ తీసుకున్నాను కదండీ" అని ఆవిడ నాలుగైదుసార్లు అన్నారు. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

అప్పటినుంచి బ్యాకప్ గురించి ఎవరు అడిగినా నేను వేసుకోమనే ప్రశ్న ఒక్కటే. ఒకే దెబ్బకు రెండు కాపీలూ పోతాయా? పోతాయి అనిపిస్తే మీ దగ్గర ఉన్నది రెండు కాపీలు కాదు, ఒకటే.

ఈ ప్రశ్నతో ఇళ్లలో మామూలుగా కనిపించే ఏర్పాట్లను చూడండి. సి డ్రైవ్‌లోవి డి డ్రైవ్‌లోకి కాపీ చేస్తారు. రెండూ ఒకే డిస్క్‌లో గీత గీసి పంచిన భాగాలు, డిస్క్ పోతే రెండూ పోతాయి. ల్యాప్‌టాప్, ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకే బ్యాగులో పెట్టుకుని ప్రయాణం చేస్తారు. బ్యాగు పోతే రెండూ పోతాయి. రెండు డిస్క్‌లు పెట్టి రెయిడ్ (ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ రాసే ఏర్పాటు) చేయించుకున్నాం, ఇంకేం భయం అంటారు. రెయిడ్ ఒక డిస్క్ చెడిపోయినా పని ఆగకుండా చూస్తుంది, అంతవరకే. మీరు పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే అదే క్షణంలో రెండు డిస్క్‌ల్లోనూ పోతుంది.

ఇక డిస్క్‌ను ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచడం. సౌకర్యంగానే ఉంటుంది. కానీ రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి, తెరవడానికి డబ్బు అడిగే వైరస్) వచ్చిందంటే ఆ కంప్యూటర్‌కు అందుబాటులో ఉన్న ప్రతి డ్రైవ్‌కూ తాళం వేసేస్తుంది, బ్యాకప్ డిస్క్‌తో సహా. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు తగిలించి ఉన్న ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లలోని ఫైళ్లనూ వదల్లేదు. కరెంటు ఒక్కసారిగా ఎక్కువ వచ్చినా అంతే, తీగకు కలిసి ఉన్నవన్నీ కలిసే దెబ్బతింటాయి. కాబట్టి బ్యాకప్ అవుతున్నంతసేపే తగిలించండి. అయ్యాక "ఎజెక్ట్" నొక్కి, తీసి, లోపల పెట్టేయండి. ఎజెక్ట్ నొక్కడం చాదస్తం కాదు. రాయాల్సిన డేటా కొంత ఇంకా మెమరీలోనే ఉండిపోవచ్చు, ఊరికే పీకేస్తే ఆ చివరి ఫైళ్లు సగంలో తెగిపోతాయి.

ఈ రంగంలో అందరూ చెప్పే 3-2-1 సూత్రం కూడా ఈ ఆలోచనలోంచి వచ్చిందే. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. అసలుతో కలిపి మొత్తం మూడు కాపీలు, రెండు వేర్వేరు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి ఇంటి బయట. నా అనుభవంలో జనం ఎక్కువగా వదిలేసేది ఆ చివరి ఒకటి. అగ్ని ప్రమాదం, వరద, దొంగతనం, ఈ మూడూ ఇంట్లో ఉన్న అన్ని కాపీలనూ ఒకేసారి తీసుకుపోతాయి.

మీ విషయంలో నేనైతే ఇలా చేస్తాను. ఇప్పుడున్న 1 టీబీ డిస్క్‌ను పాత ఫొటోలతో అలాగే ఉండనిచ్చి, 2 టీబీవి రెండు కొత్త హార్డ్ డిస్క్‌లు కొంటాను. 400 జీబీకి 2 టీబీ ఎందుకు అంటారేమో. ఫైళ్ల పాత రూపాలు కూడా దాచుకోవడానికి, ఆ పాత ఫొటోలకు, రాబోయే నాలుగైదేళ్లలో పెరిగేదానికి. రెండు డిస్క్‌ల మీదా ఒకటి, రెండు అని అంటించండి. ఒకటి ఇంట్లో ఉంటుంది. రెండోది మీరు తరచూ వెళ్లే చోట, తోబుట్టువుల ఇంట్లోనో ఆఫీసు సొరుగులోనో. నెలకోసారి రెండూ మార్చండి. అప్పుడు ఇంటికి ఏం జరిగినా ఎక్కువలో ఎక్కువ ఒక నెల పనే పోతుంది. ఆ నెలకూ సరిపోయేలా ముఖ్యమైనవి క్లౌడ్‌లో ఉంచుకోవచ్చు.

కొనేటప్పుడు ఎస్ఎస్‌డీ (లోపల తిరిగే భాగాలు లేని డిస్క్) కావాలా, హార్డ్ డిస్క్ కావాలా అని తప్పకుండా అడుగుతారు. రోజూ వాడటానికి ఎస్ఎస్‌డీ మేలు. పడినా తట్టుకుంటుంది, వేగం ఎక్కువ. సొరుగులో నెలల తరబడి ఊరికే ఉంచడానికి మాత్రం నేను హార్డ్ డిస్క్‌నే నమ్ముతాను. ఎస్ఎస్‌డీలో డేటా అంటే చిన్న చిన్న గదుల్లో పట్టి ఉంచిన విద్యుదావేశం. కరెంటు లేకుండా, వేడిలో ఎక్కువకాలం ఉంటే అది మెల్లగా కారిపోతుంది, బాగా వాడి అరిగిన ఎస్ఎస్‌డీలో మరింత త్వరగా. పెన్‌డ్రైవ్‌ల మీద అసలు ఆధారపడకండి. అవి ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్లడానికి మాత్రమే.

ఇక చేత్తో కాపీ చేయడం మానేయాలి. "గుర్తొచ్చినప్పుడల్లా" అని రాశారు కదా, అవసరం పడే ముందు మూడు నెలలు గుర్తుకు రాకపోవడమే నేను ఎక్కువగా చూశాను. విండోస్‌లో ఫైల్ హిస్టరీ, మ్యాక్‌లో టైమ్ మెషీన్ ఉచితంగానే ఉన్నాయి. టైమ్ మెషీన్ 2007 నుంచి, ఫైల్ హిస్టరీ విండోస్ 8 నుంచి వస్తున్నాయి. వీటి గొప్పదనం కాపీ చేయడంలో కాదు, పాత రూపాలు దాచడంలో ఉంది. మీరు రాసుకునే ఫైలునే తీసుకోండి. పోయిన మంగళవారం పొరపాటున అందులో సగం చెరిపేసి సేవ్ చేశారు. ఇవాళ గమనించారు. చేత్తో తీసిన కాపీ అయితే ఈపాటికి మంచిదాని మీద చెడ్డది కూర్చుని ఉంటుంది. ఫైల్ హిస్టరీ అయితే ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, పాత రూపాలు తెరిచి, ఆ మార్పుకు ముందు తీసిన బ్యాకప్‌లో ఉన్నదాన్ని తెచ్చుకోవచ్చు. డిస్క్ తగిలించి ఉన్నంతసేపు ఇది మామూలుగా గంటకోసారి కాపీ తీస్తుంది. మీరు వారానికి రెండుసార్లు సాయంత్రం పూట ఒక గంటో రెండు గంటలో తగిలించి ఉంచితే చాలు. ఆ రెండు రోజులు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. దీని వల్ల నేనే నష్టపోయాను. ఫైల్ హిస్టరీ కంప్యూటర్ మొత్తాన్ని తీసుకోదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి లైబ్రరీల్లో ఉన్నవాటినే తీసుకుంటుంది. ఒకప్పుడు చోటు కోసం నా పని ఫోల్డర్‌ను డి డ్రైవ్‌లోకి మార్చాను. బ్యాకప్ జరుగుతూనే ఉంది, ఎప్పుడు చూసినా ఆ రోజు తేదీయే కనిపించేది. ఏడు నెలల తర్వాత డిస్క్ పోయి, బ్యాకప్ తెరిస్తే ఆ ఫోల్డర్ నేను మార్చిన రోజు దగ్గరే ఆగిపోయి ఉంది. ఏడు నెలల పని మళ్లీ చేయాల్సి వచ్చింది. కాబట్టి మీ ఫోల్డర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. లైబ్రరీ బయట ఉన్నవాటిని లైబ్రరీలో చేర్చండి, లేదా అన్నిటినీ డాక్యుమెంట్స్ కిందికి తెచ్చేయండి. రెండోదే సులువు.

కొందరు సింక్ చేసే, అంటే రెండుచోట్ల ఉన్న ఫోల్డర్లను ఒకేలా ఉంచే సాఫ్ట్‌వేర్‌లు వాడమని చెబుతారు. ఫ్రీఫైల్‌సింక్ లాంటివి మంచివే, కానీ అందులో "మిర్రర్" అంటే ఏమిటో తెలుసుకునే నొక్కండి. ఇటువైపు లేనిది అటువైపు కూడా ఉండకుండా చేయడమే మిర్రర్. దిశ తారుమారైతే ఖాళీ డిస్క్‌ను చూసి మీ ల్యాప్‌టాప్‌ను ఖాళీ చేస్తుంది.

ఇప్పుడు క్లౌడ్. డబ్బు కట్టకుండా వచ్చేది గూగుల్‌లో 15 జీబీ, మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్‌లో 5 జీబీ, ఆపిల్ ఐక్లౌడ్‌లో 5 జీబీ. మీ 400 జీబీకి ఇది చాలదు. అయితే సర్టిఫికెట్లు, పన్ను కాగితాలు, మీ రాతలు అన్నీ కలిపినా బహుశా 5 జీబీ దాటవు. మళ్లీ సంపాదించలేనివి, చోటు తక్కువ తీసుకునేవి కాబట్టి వాటిని ఈరోజే అక్కడ పెట్టేయండి. ఫొటోలు కూడా పెట్టాలనుకుంటే డబ్బు కట్టి తీసుకోవచ్చు. కానీ ఓ లెక్క చూసుకోండి. మీ ఇంటర్నెట్ అప్‌లోడ్ వేగం సెకనుకు 10 మెగాబిట్లు అయితే, 400 జీబీ ఎక్కడానికి ఆగకుండా దాదాపు నాలుగు రోజులు పడుతుంది. అదే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి, యూఎస్‌బీ 3 కేబుల్‌తో సెకనుకు 100 మెగాబైట్లు వెళ్తున్నా ఒక గంటా పది నిమిషాల్లో అయిపోతుంది. చిన్న ఫైళ్లు ఎక్కువుంటే ఇంకాస్త.

క్లౌడ్ విషయంలో జనం ఎక్కువగా మోసపోయేది సింక్‌ను బ్యాకప్ అనుకోవడంలో. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ చేసే పని మీ ఫోల్డర్‌ను అన్నిచోట్లా ఒకేలా ఉంచడం. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, ఆలోపు చూసుకుంటే బతికిపోయినట్టే. ఫోన్‌లో చోటు కోసం ఫొటోలు తీసేస్తుంటే క్లౌడ్‌లోవి కూడా పోవడం ఇలాగే జరుగుతుంది. ఫోన్ అందరి చేతుల్లోకీ వెళ్లే ఇళ్లలో ఇది మరీ ఎక్కువ.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. కొత్త విండోస్‌లో సెటప్ సమయంలో "అవును" అంటూ పోతే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ కిందికి వెళ్లిపోతాయి. అక్కడ కొన్ని ఫైళ్ల పక్కన చిన్న మేఘం బొమ్మ కనిపిస్తుంది. ఆ ఫైలు మీ డిస్క్‌లో లేదు, పేరు మాత్రమే ఉంది, తెరిస్తే అప్పుడు ఇంటర్నెట్ నుంచి దిగుతుంది. అలాంటప్పుడు మీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి అసలు ఫైలు చేరిందో లేదో చెప్పలేం. ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి "ఎల్లప్పుడూ ఈ పరికరంలో ఉంచు" అనే అర్థం వచ్చే ఆప్షన్ పెట్టి, మేఘాలన్నీ పచ్చ టిక్కులయ్యాకే బ్యాకప్ తీయండి.

క్లౌడ్ కూడా ఎవరిదో ఒక భవనంలో ఉన్న కంప్యూటరే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ భవనం ఒకటి కాలిపోయింది. అక్కడే ఉంది కదా అని వేరే కాపీ పెట్టుకోని వినియోగదారుల డేటా చాలావరకు తిరిగి రాలేదు. మీ క్లౌడ్ అకౌంట్ పాస్‌వర్డ్ మరిచిపోయినా, అకౌంట్ లాక్ అయినా ఫలితం అదే. అందుకని క్లౌడ్‌ను మూడో కాపీగా చూడండి, ఒక్కగానొక్క కాపీగా కాదు.

తాళాల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఇవే ఎక్కువ. చాలా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనిదే డేటా చదవలేకుండా వేసే తాళం, దానంతట అదే ఆన్ అయి ఉంటుంది. దొంగ చేతిలో పడినా మీ ఫైళ్లు చదవలేడు, మంచిదే. కానీ మదర్‌బోర్డ్ పోయి డిస్క్ విప్పి ఇంకో కంప్యూటర్‌కు పెడితే అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే నేనే కాదు, ఎవరూ తెరవలేరు. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఇవాళే లాగిన్ అయి, ఉందో లేదో చూసి, కాగితం మీద రాసి లేదా ప్రింట్ తీసి ఇంట్లోని ముఖ్యమైన కాగితాలతో పాటు పెట్టండి. ఆ కీని అదే ల్యాప్‌టాప్‌లో ఒక ఫైలుగా దాచుకున్నవాళ్లను చూశాను. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి మూసినట్టు.

ఇంటి బయట ఉంచే డిస్క్‌కు కూడా ఎన్‌క్రిప్షన్ ఉండాలి. అందులో మీ సంతకాలు, గుర్తింపు కార్డులు ఉన్నాయి. మ్యాక్‌లో టైమ్ మెషీన్ మొదలుపెట్టేటప్పుడే ఆ ఆప్షన్ ఉంటుంది. విండోస్ ప్రోలో ఇదే పని చేసే బిట్‌లాకర్ ఉంది. హోమ్ ఎడిషన్ అయితే ఉచితంగా దొరికే వెరాక్రిప్ట్ వాడుకోవచ్చు. ఆ పాస్‌వర్డ్ మీ ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి. మీకేమైనా అయితే ఆ ఫొటోలు కావలసింది వాళ్లకే కదా.

ఏవి తీసుకోవాలి, ఏవి అక్కర్లేదు అన్నది త్వరగా చెప్పేస్తాను. ప్రోగ్రామ్ ఫైల్స్, విండోస్ ఫోల్డర్లు కాపీ చేసి లాభం లేదు, అవి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే. మరిచిపోయేవి వేరే ఉన్నాయి: బ్రౌజర్ బుక్‌మార్క్‌లు, కంప్యూటర్‌లోకి దించుకున్న ఈమెయిళ్లు, కొన్న సాఫ్ట్‌వేర్‌ల లైసెన్స్ నంబర్లు, రెండంచెల లాగిన్‌కు ఇచ్చే బ్యాకప్ కోడ్‌లు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడి ఉన్న రసీదులు. కాపీ చేస్తుంటే పెద్ద వీడియోలు మాత్రమే ఎక్కడం లేదంటే మీ డిస్క్ ఫ్యాట్ 32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉన్నట్టు, అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. లోపల ఉన్నవి వేరేచోటికి తీసి ఎన్‌టీఎఫ్ఎస్‌లోనో ఎక్స్‌ఫ్యాట్‌లోనో ఫార్మాట్ చేయాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఇళ్లలో దాదాపు ఎవరూ చేయనిది, తిరిగి తీసి చూడటం. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్‌నే డిలీట్ చేశారు. బ్యాకప్‌ల కోసం వెతికితే, ఏర్పాటు చేసుకున్న ఐదు పద్ధతుల్లో ఏదీ సరిగా పనిచేయడం లేదని తేలింది. సుమారు ఆరు గంటల ముందు ఒకరు చేత్తో తీసిపెట్టిన కాపీ ఉండబట్టి గట్టెక్కారు. ఈ సంగతంతా వాళ్లే బయటకు చెప్పారు. అంతమంది నిపుణులున్న చోటే అలా జరిగినప్పుడు, ఇంట్లో మనం తెరిచి చూడని డిస్క్‌ను ఎలా నమ్ముతాం?

మూడు నెలలకోసారి అరగంట పెట్టుకోండి. నేను చేసే పద్ధతి ఇది. బ్యాకప్ డిస్క్‌ను వీలైతే వేరే కంప్యూటర్‌కు పెడతాను, ఎందుకంటే నిజంగా అవసరం వచ్చే రోజున నా ల్యాప్‌టాప్ ఉండదు. ఐదు ఫైళ్లు ఎంచుకుంటాను: అన్నిటికంటే పాత ఫొటో ఒకటి, పోయిన వారం మార్చిన డాక్యుమెంట్ ఒకటి, అన్నిటికంటే పెద్ద వీడియో, ఫోల్డర్ లోపల ఫోల్డర్‌లో ఎక్కడో అడుగున ఉన్నది ఒకటి, ఒక స్కాన్. వాటిని డెస్క్‌టాప్ మీదికి తీసి ఒక్కొక్కటీ తెరుస్తాను. ఫొటో చిన్న బొమ్మగా కనిపిస్తే చాలదు, పూర్తిగా పెద్దది చేసి చూడాలి. దెబ్బతిన్న ఫొటోలు పైసగం బాగుండి కింద బూడిద రంగు పట్టీగా మారతాయి. వీడియోను చివరికి జరిపి ఆఖరి నిమిషం ఆడిస్తాను. ఫైళ్లను సైజు ప్రకారం వరుసపెట్టి సున్నా కేబీవి ఉన్నాయేమో చూస్తాను. మామూలుగా ఫొటోకు, డాక్యుమెంట్‌కు సున్నా సైజు ఉండదు, అలా కనిపిస్తే లోపల ఏమీ లేనట్టే.

అదే అరగంటలో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిస్క్ ఆరోగ్యం కూడా చూడండి. అందులో రీఅలోకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అని రెండు వరుసలుంటాయి. డిస్క్ తనలో చెడిపోయిన చోట్లను లెక్కపెట్టుకునే పద్దులు అవి. సున్నా ఉంటే సంతోషం. ఆ అంకె ఒకసారికీ ఇంకోసారికీ పెరుగుతుంటే ఆలస్యం చేయకుండా డిస్క్ మార్చండి. అయితే ఏ సూచనా లేకుండా హఠాత్తుగా పోయే డిస్క్‌లు కూడా చాలానే ఉంటాయి, కాబట్టి బాగుందని చూపించింది కదా అని రెండో కాపీ మానేయకండి.

కొత్త డిస్క్‌లు వచ్చేదాకా ఆగకండి. కట్ చేసి పెట్టిన ఆ పాత ఫొటోలను ఇవాళ రాత్రే ఎక్కడ చోటుంటే అక్కడికి, ఇంట్లో ఇంకెవరి కంప్యూటర్‌లోకైనా సరే, కాపీ చేయండి. ఈసారి కట్ కాదు, కాపీ. డిస్క్‌ను బల్ల అంచున కాకుండా మధ్యలో పడుకోబెట్టి, అయ్యేదాకా కదపకండి. మధ్యలో వేగం ఉన్నట్టుండి పడిపోయినా, టిక్ టిక్ అని వినిపించినా, ఒకే ఫైలు దగ్గర ఆగిపోయినా అక్కడితో ఆపేసి డిస్క్‌ను తీసేయండి. రిపేర్ చేయమంటారా అని విండోస్ అడిగితే "వద్దు" అనండి. చెడిపోతున్న డిస్క్ మీద రిపేర్ నడిపితే మిగిలినదీ పోతుంది. మళ్లీ మళ్లీ తగిలించి చూడకుండా, అంతవరకు ఏమేం కాపీ అయ్యాయో, ఏ శబ్దం వచ్చిందో నాకు రాయండి. తర్వాత ఏం చేయాలో అప్పుడు చూద్దాం.